పుంజీ లెక్క

మూడో తరగతి, బి సెక్షన్.
నెలకోసారి నలభై ఒక్క ప్రోగ్రెస్ కార్డులు రాస్తాను.
"శ్రద్ధ పెంచాలి." "చేతిరాత మెరుగు." "గణితంలో వెనకబాటు."
చేత్తో రాసినా
చేతి వేడి తగలని మాటలు.

మైలపిల్లి పరదేశి కార్డు తిరిగొచ్చినప్పుడల్లా
సంతకం గడిలో బొటనవేలు,
పక్కనే అతుక్కుని ఒక చేప పొలుసు.
గోటితో గీకితే ఊడొచ్చేస్తుంది.
కిటికీ దగ్గర పెట్టి చూస్తే మాత్రం
మా ఆఫీసు సీలు కన్నా అదే నయం.

ఫోన్లో చెబుదామంటే
తండ్రి ఎల్లాజీ నంబరు సముద్రం మీదుంటుంది,
పదిహేను రోజులకోసారి ఒడ్డుకొస్తుంది.
తల్లి ఫోను కొడుకు చేతిలో ఉంటుంది.
నా వాయిస్ మెసేజ్ వాడే వింటాడు,
వాడే తుడిచేస్తాడు.
"మీ అమ్మ విన్నదా?" అంటే
"ఇన్నాది మేడమ్, నవ్వినాది" అంటాడు.

అందుకని ఒక ఆదివారం
కార్డూ, పరీక్ష కాగితమూ సంచిలో పెట్టుకుని
ఇసకతోటలో మొదటి ఆటో పట్టుకుని
ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను.
ఇంకా చీకటే. డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
ఐసు మర గరగర, డీజిలు వాసన,
పాట పాడేవాడి గొంతు:
పన్నెండొందలు, పన్నెండూ యాభై, పన్నెండూ యాభై...
చీర ఎత్తి పట్టుకోవాలో
చెప్పులు చేత పట్టుకోవాలో తేల్చుకునేలోపు
ఐసు ముక్క మీద కాలేసి
ఎవరిదో బుట్ట పట్టుకుని నిలబడ్డాను.

ఆ బుట్ట నూకరత్నానిది.
నన్ను గుర్తుపట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని
"గుంటడేటైనా సేసినాడా?" అంది.
ఏ తల్లయినా ముందు అదే అడుగుతుంది.
బడి నుంచి కబురొస్తే చెడ్డ కబురేనని
వీళ్లకి ఎవరు నేర్పారు?
మేమే.

కాగితం విప్పి చూపించాను.
ఇరవై మూడు చేపల బొమ్మలు, లెక్కపెట్టి రాయమన్నాం.
వాడు రాసింది అయిదు, కాస్త ఎడంగా మూడు.
దాని మీద నా ఎర్ర ఇంటూ.
"చూడమ్మా, ఇరవై మూడుని యాభై మూడన్నాడు."

తడిచేతులతో కాగితం ముట్టుకోలేదు.
వంగి చూసింది,
అంకెల్ని కాదు, చేపల్ని.
పెదాలు కదిలాయి.
"అయిదు పుంజీలు, పైన మూడు.
సరిగ్గానే ఉన్నాది కదమ్మా."

అంటూనే గమేళాలోంచి కానగడతలు
ఎడంచేత రెండు, కుడిచేత రెండు
బుట్టలోకి విసురుతోంది.
పుంజీ. పుంజీ. పుంజీ.
మధ్యలో ఒకామె బేరానికొచ్చింది,
మధ్యలో ఐసువాడు డబ్బులడిగాడు,
ఆటో వాటా గురించి చిన్న గొడవ కూడా అయింది.
చేయి ఆగలేదు, లెక్క తప్పలేదు.

నాలుగో ఎక్కం రాదని నేను రాసిన పిల్లాడు
నాలుగుల్లోనే నడక నేర్చాడు.
సెలవు రోజు తల్లి పక్కన గొంతుక్కూర్చుని
పొద్దెక్కేదాకా వాడు చేసే హోంవర్కు
నా కార్డులో ఏ గడిలోనూ పట్టదు.

"బళ్లో పదుల లెక్కంట కదా,
అది మీరే సెప్పండి ఆడికి.
నాకు తెలిసింది నాను సెప్పీసినాను."

సోమవారం కార్డు మార్చి రాశాను.
వెనకబాటు కొట్టేసి,
ఆ ఇరుకు గీతలో పట్టినంత:
"నాలుగేసి చొప్పున తడబడకుండా లెక్కిస్తాడు.
పదేసి చొప్పున నేర్పవలసింది నేను."
పరదేశిని పిలిచి
ఇంట్లో గట్టిగా చదివి వినిపించమన్నాను,
ఒక్క ముక్క తుడిచినా తెలిసిపోతుందని బెదిరించాను.

బుధవారం తిరిగొచ్చింది.
బొటనవేలు. పొలుసు.
కింద, తల్లి చెబుతుంటే రాసినట్టున్నాడు,
ఒత్తులు జారిపోయిన పెన్సిలు అక్షరాలతో:

"మేడమ్ గారికి పుంజీ వచ్చింది.
ఐసు మీద నడక మెరుగు పడాలి."